అరువుకిచ్చిన డ్రమ్ సెట్టు: అప్పగింతలో గమనించవలసిన సంగతులు

పొరుగు రైతు వచ్చి మందు కొట్టే స్ప్రేయరు ఒక పూటకు కావాలంటే కాదనడం కష్టం. ఆయిలింజను, గొర్రు, పెళ్లివంటల గుండిగలు, ధాన్యం తూచే కాటా వంటివి పల్లెలో ఒకరి ఇంట ఉన్నా పదిమంది వాడుకలో ఉంటాయి. ఈ అలవాటు మంచిదే. అయితే వస్తువు తిరిగి వచ్చేటప్పుడు స్ప్రేయరు నాజిల్ ఉండదు, గుండిగకు సొట్ట పడి ఉంటుంది. అడిగితే స్నేహం చెడుతుంది, అడగకపోతే మనసు కుదురుగా ఉండదు. ఇది పాఠకులందరికీ అనుభవమే.

ఈ వ్యాసంలో చెప్పదలచిన వస్తువు వ్యవసాయ పనిముట్టు కాదు, డ్రమ్ సెట్టు. మన ఆర్కెస్ట్రాల వారు చాలామంది దీనిని నేటికీ జాజ్ అనే పిలుస్తారు. గ్రామీణ ఋణాల పత్రికలో డ్రమ్ముల ప్రసక్తి ఎందుకని మీరు అడగవచ్చును. పెళ్లిళ్లకు, నవరాత్రులకు పాటకచేరీలు చేసి బ్రతికే బృందాలు నేడు గ్రామాలలోనూ ఉన్నాయి. 2015 ఏప్రిల్ 8న ప్రారంభమైన ప్రధానమంత్రి ముద్రా యోజన వ్యవసాయేతర స్వయం ఉపాధికి ఋణం ఇచ్చే పథకం. అందులో రూ. 50,000 వరకు శిశు విభాగం కిందికి వస్తుంది. వాద్యబృందం పెట్టుకుంటామని దరఖాస్తు తెచ్చినవారిని నా వలె ఎందరో క్షేత్రాధికారులు చూచి ఉంటారు. అట్టి బృందానికి డ్రమ్ సెట్టు పాడిగేదె వంటిది. దానిని పొరుగువాడు ఒకనాడు తోలుకొనిపోయి కుంటిదానిని చేసి తెస్తే వాయిదా ఎక్కడినుండి వస్తుంది?

ఈ విషయంలో నేను కేవలం పర్యవేక్షకుడను కాను. బి.ఎస్‌సి. చదివే రోజులలో ప్రయోగశాలలో గడిపిన కాలం కంటె కళాశాల ఆర్కెస్ట్రాలో డ్రమ్ముల వెనుక గడిపిన కాలమే ఎక్కువ. ఉద్యోగం వచ్చిన తరువాత మొదటి రెండేళ్ల మిగులుతో ఒక సెట్టు కొనుక్కున్నాను. బదిలీపై జంషెడ్‌పూర్ వచ్చేటప్పుడు దానిని కూడ వెంట తెచ్చుకున్నాను. పప్పులు, పచ్చళ్లతో పాటు లారీలో డ్రమ్ములు దించిన తెలుగువాడిని చూచి ఇంటి యజమాని కొంత కంగారుపడిన మాట నిజం.

జంషెడ్‌పూర్ తెలుగువారికి పరాయి ఊరు కాదు. 1907లో టాటా ఉక్కు సంస్థ ఏర్పడి, 1912లో సాక్చీలో మొదటి ఉక్కు తయారైనది. 1919లో ఈ ఊరికి జమ్‌షెడ్‌జీ టాటా పేరు పెట్టారు. ఆ ఉక్కు కర్మాగారపు పనిని వెతుక్కుంటూ మన ఉత్తరాంధ్ర నుండి కుటుంబాలు తరలివచ్చాయి. నేడు మూడవ తరం, నాల్గవ తరం పిల్లలు హిందీలో చదువుకొని, బెంగాలీ పాటలు పాడుకొని, ఇంట్లో శ్రీకాకుళపు యాసతో మాట్లాడుతున్నారు. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఉన్నది. చుట్టూ ఉన్న సంతాల్ గ్రామాలలో తమాక్, తుమ్‌దాక్ అనే వాద్యాలు మ్రోగుతాయి. సరైకెలా వైపు వెళితే ఛవు నృత్యానికి ఢోలు, నగారా వినబడతాయి. దసరా వచ్చిందంటే బెంగాలు పల్లెల నుండి ఢాక్ వాయించేవారు దిగుతారు. ఇన్ని చర్మవాద్యాల నడుమ నా పెట్టెలలోని సెట్టుకు కూడ అడిగేవారు త్వరలోనే వచ్చారు.

ఒక శ్రీరామనవమికి మా వీధి చివరి తెలుగు కుర్రవాళ్లు కచేరీ పెట్టుకున్నారు. వాయించే కుర్రవాడు ఇంటర్మీడియట్ పూర్తిచేసి, చిన్నపిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటున్నవాడు. "అన్నయ్యా, ఒక్క రాత్రికి ఇవ్వండి, పువ్వులా తెస్తాను" అన్నాడు. ఇచ్చాను. నేను ఆనాడు శాఖాకార్యాలయపు పనిమీద రాంచీ వెళ్లవలసి ఉన్నది. తాళంచెవి ఇంట్లో ఇచ్చి, తీసుకొనిపొమ్మని చెప్పి బయలుదేరాను. ఏది ఎట్లా బిగించాలో, దేనిని ముట్టుకోరాదో ఒక్క మాట చెప్పలేదు.

మరునాడు సాయంత్రానికి సెట్టు వచ్చినది. పెద్ద సింబల్‌ను గుడ్డలో చుట్టి అన్నిటి కంటె అడుగున పెట్టారు. విప్పి చూచేసరికి మధ్యరంధ్రం నుండి రెండంగుళాల మేర పగులు కనబడినది. కుర్రవాడు తల దించుకొని, "మామూలుగానే వాయించానన్నయ్యా" అన్నాడు. నేను నమ్మలేదు. నమ్మలేదని ముఖం మీదనే అన్నాను. మరుసటి వారం అతడు రెండువేల రూపాయలు తెచ్చి ఇచ్చాడు. ట్యూషన్ డబ్బులని తెలిసి కూడ తీసుకున్నాను. తరువాత వీధిలో ఇద్దరు ముగ్గురితో, "వస్తువు విలువ తెలియని వాళ్లకు ఇవ్వరాదు" అని కూడ అన్నాను. అతడు మా ఇంటి వైపు రావడం మానివేశాడు.

ఆ సంగతి ఎట్లు ముగిసినదో చెప్పడానికి ముందు ఈ వాద్యం నిర్మాణం కొంత తెలియాలి.

నష్టం ఎక్కడ పుడుతుంది

డ్రమ్ సెట్టు ఒకే వాద్యం కాదు. ఒక బృందం చేసే పనిని ఒక మనిషి కాళ్లతో, చేతులతో చేయగలుగునట్లు ఒకచోట కూర్చిన సామగ్రి. 1909లో అమెరికాలో లుడ్విగ్ అనే వాద్యకారుడు పెద్ద డ్రమ్మును పాదంతో కొట్టే పెడల్‌ను సమర్థంగా రూపొందించడంతో ఈ కూర్పుకు దారి ఏర్పడినది. 1950ల రెండవ భాగం వరకు దూడచర్మం వాడేవారు. ఆ తరువాత పాలియెస్టర్ పొరలు వచ్చాయి. చర్మం వానాకాలంలో వదులయ్యేది, ఎండలో బిగుసుకొనేది. మన డప్పు వాద్యకారుడు మంట వేసి డప్పును కాచేది కూడ ఈ కారణంగానే. ఆ కాచడం ఎంతసేపన్నది డప్పు సొంతదారుకు చేతికొలత. తెలియనివాడు మరికాసేపు కాచాడంటే చర్మం చిట్లిపోతుంది. మృదంగ విద్వాంసులలో చాలామంది తమ వాద్యాన్ని మరొకరి చేతిలో పెట్టడానికి జంకడంలో గర్వం కన్న ఈ భయమే ఎక్కువని నా అభిప్రాయం. పాలియెస్టర్ పొరకు ఆ చిక్కు తక్కువ. అందువల్లనే డ్రమ్ సెట్టు చేతులు మారడానికి వీలైన వాద్యమైనది, చేతులు మారినందువల్ల చెడిపోయే వాద్యం కూడ అయినది.

డ్రమ్ములకు చెక్కతో చేసిన గుండ్రని ఒళ్లు ఉంటాయి. ఇవి గట్టివి. ఎవరు వాయించినా కర్రదెబ్బకు ఒళ్లు పగిలిన ఉదంతం నేను ఎరుగను. వాహనంలో ఒకదానిపై ఒకటి పేర్చినప్పుడు, మెట్లమీద జారవిడిచినప్పుడు మాత్రమే అంచు దెబ్బతింటుంది. చర్మం ఆనే ఆ అంచు చదునుగా లేకపోతే ఎంత బిగించినా శ్రుతి నిలవదు.

అసలు ప్రమాదం స్నేర్ అనే చిన్న డ్రమ్ము అడుగుభాగాన ఉన్నది. పై పొర కర్రదెబ్బలు తినడానికే చేసినది. అడుగు పొర మాత్రం మిల్లీమీటరులో పదవవంతు కూడ ఉండదు. దానిని ఆనుకొని సన్నని తీగెచుట్టల వరుస ఉంటుంది. దాని కంపనమే ఆ చిటపటమనే నాదం. తెలియనివాడు స్నేర్‌ను తిరగవేసి పెట్టె మూతపై పెడతాడు, దానిపై పెడల్ పెడతాడు. పెడల్ మొన తగిలితే పొర చిరిగినట్లే. తీగెలు ఒక్కటి వంగినా ఆ రాత్రంతా కర్రగాడు తిరిగినట్లు చప్పుడు వస్తుంది.

స్టాండ్ల మరలు మరొక బాధ. వీటి రెక్కనట్లు చాలావరకు అచ్చుపోసిన మెత్తని లోహం. వాయించే ప్రతివాడూ తన ఎత్తుకు మార్చుకుంటాడు, జారుతుందేమోనన్న భయంతో పటకారు పెట్టి బిగిస్తాడు. నాలుగు చేతులు మారేసరికి మర అరిగిపోతుంది. ఇక్కడ పటకారు పనికిరాదు, చేతి బిగింపు చాలు. చర్మం బిగించే బోల్టులకు చదరపు తలలుంటాయి. వాటికి ప్రత్యేకమైన తాళంచెవి ఉంటుంది. ఒకవైపు నుండి వరుసగా బిగించుకొనిపోరాదు. ఒకటి బిగించిన తరువాత దానికి సరిగా ఎదుటిది, ఆ పిమ్మట పక్కది, దాని ఎదుటిది, ఇట్లా కొద్దికొద్దిగా తిప్పాలి. బండిచక్రం నట్లు బిగించే డ్రైవరుకు ఇది చెప్పనక్కరలేదు.

ఇక సింబల్స్. మేలురకం సింబల్ కంచుతో చేస్తారు. అందులో రాగి 80 పాళ్లు, తగరం 20 పాళ్లు ఉంటుంది. మన గుడిగంట కంచు కూడ ఇంచుమించు ఈ పాళ్లలోనిదే. చౌకరకాలలో తగరం 8 పాళ్లే ఉంటుంది, లేదా ఇత్తడి వాడతారు. తగరం ఎక్కువైన కొలదీ నాదం నిండుగా వస్తుంది, లోహం పెళుసెక్కుతుంది. కావున సింబల్‌కు ఊగే స్వేచ్ఛ ఉండాలి. ఊగినప్పుడు దెబ్బలోని శక్తి కదలికగా పోతుంది. స్టాండు ఇనుపకడ్డీకి, కంచుకు నడుమ ప్లాస్టిక్ గొట్టం ఒకటి, పైనా కిందా ఫెల్టు బిళ్లలు ఉంటాయి. ఆ గొట్టం లేకపోతే కంచురంధ్రం కడ్డీ మరలపై రాసుకొని ఒకవైపు అరుగుతుంది. అరిగిన చోటనే పగులు ప్రారంభమవుతుంది. ఈ గొట్టం ఖరీదు ఒక టీ ఖరీదు కంటె పెద్దగా ఎక్కువ కాదు.

ఆ గొట్టం దగ్గరే నా కథ తిరగబడినది.

ఫిట్టరుగారి పరీక్ష

నెల గడిచిన తరువాత ఒక రాత్రి ఆ కుర్రవాని తండ్రి మా ఇంటికి వచ్చారు. కర్మాగారంలో ఫిట్టరుగా చాలాకాలం పనిచేసి విరమించినవారు. "మా గుంటడు చేసిన తప్పేటో నాకు తెలియాల బాబూ. ఒకసారి ఆ పళ్లెం చూపించండి" అన్నారు. ఆయన దానిని సింబల్ అనలేదు. తెచ్చి ఇచ్చాను. కళ్లజోడు పైకెత్తి, దీపం కింద రంధ్రాన్ని చాలాసేపు తిప్పి చూచారు. గోటితో అంచు తడిమారు. తరువాత నా వేలు పట్టుకొని అక్కడ పెట్టించారు. పగులు మొదలైన చోట రంధ్రం గుండ్రంగా లేదు. ఒకవైపు తాళంకన్నం వలె సాగి, నున్నగా మెరుస్తున్నది.

"ఒక్క రాత్రి వాయిస్తే ఇలాగ అరగదు బాబూ. ఇది నెలల తరబడి ఇనప మరమీద తిరిగిన అరుగుదల. మా వాడి రాత్రికి తెగింది, అంతే" అన్నారు. గొంతులో నిందగాని, కోపంగాని లేదు. యంత్రం ఎందుకు ఆగిపోయినదో పైఅధికారికి విన్నవించే తీరుగా చెప్పారు.

గొట్టం సంగతి అప్పుడు జ్ఞాపకం వచ్చినది. ఇల్లు మారినప్పుడు అది పోయినది. కొందామనుకొని వాయిదా వేసి, ఆ స్థితిలోనే ఏడెనిమిది నెలలు నేనే వాయించాను. వాయిదాల గురించి ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చేవాడిని. లేచి లోపలికి వెళ్లి రెండువేలు తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. "నాకు వద్దు, ఆడికే ఇవ్వండి, మీ నోటితో చెప్పి ఇవ్వండి" అన్నారు. మరునాడు ఉదయం వెళ్లి ఇచ్చాను. నేను వీధిలో అన్న మాటను వీధిలోనే వెనుకకు తీసుకోవలసి వచ్చినది. అది రెండువేల కంటె కష్టమైనది.

సింబల్‌ను ఆయన తమతో తీసుకొనిపోయారు. ఆదిత్యపూర్ పారిశ్రామికవాడలో తెలిసినవారి చిన్న వర్క్‌షాపులో పగులు చివర సన్నని రంధ్రం వేయించి తెచ్చారు. ఇది ఆశ్చర్యపడవలసిన వైద్యం కాదు. పగులు మొన సూదిగా ఉన్నంతకాలం ఒత్తిడి అంతా ఆ మొనపై కేంద్రీకరించి ముందుకు చీలుస్తుంది. మొనను గుండ్రని రంధ్రంగా మార్చితే ఒత్తిడి చుట్టూ పరచుకుంటుంది. డిగ్రీ తరగతిలో నేను ఈ పాఠం చదివి మార్కులు తెచ్చుకున్నాను, ఆయన చేతితో చేసి చూపారు. నాదంలో కొంత మొద్దుతనం ఉన్నది. పగులు మాత్రం నేటికి పెరగలేదు.

చట్టం ఏమంటున్నది

తిరిగి ఇవ్వాలనే షరతుతో ఒకరి వస్తువు మరొకరి చేతికి వెళ్లడాన్ని 1872 నాటి భారత ఒప్పందాల చట్టం బెయిల్‌మెంటు అన్నది. 148వ సెక్షన్ నుండి దాని నియమాలు ఉన్నాయి. అరువుకైనా, అద్దెకైనా ఇవి వర్తిస్తాయి. కాగితం లేకున్నా వర్తిస్తాయి.

150వ సెక్షన్ ప్రకారం వస్తువులో తనకు తెలిసిన లోపం, అంటే వాడుకకు ఆటంకమయ్యేదో, తీసుకొనేవానికి అసాధారణమైన ప్రమాదం తెచ్చేదో, ఇచ్చేవాడు ముందుగా చెప్పి తీరాలి. చెప్పనందువల్ల తీసుకున్నవానికి కలిగే నష్టానికి ఇచ్చినవాడే బాధ్యుడు. అద్దెకు ఇచ్చినట్లయితే ఆ లోపం తనకు తెలియదన్న సాకు కూడ చెల్లదు. నేను ఉచితంగానే ఇచ్చాను, కాని గొట్టం లేదన్న సంగతి నాకు తెలుసు. చట్టం ముందు నా స్థితి ఏమిటో మీరే ఊహించుకోవచ్చును.

151వ సెక్షన్ తీసుకున్నవాని సంగతి చెప్పినది. సామాన్య వివేకం గలవాడు తన సొంత వస్తువును చూచుకొనేంత జాగ్రత్త అతడు చూపాలి. అంత జాగ్రత్త చూపిన తరువాత కూడ వస్తువు చెడిపోతే, ప్రత్యేక ఒప్పందం లేనప్పుడు, అతని బాధ్యత లేదని 152వ సెక్షన్ చెప్పుచున్నది. మరొకసారి చదవండి. ఏమీ వ్రాసుకోకుండా ఇచ్చి, అతడు సరిగానే వాయించగా సింబల్ పగిలితే ఆ నష్టం సొంతదారుదే. పగిలినదానికి వెల కట్టాలన్న ఉద్దేశం ఉన్నట్లయితే ఆ మాట ముందే స్పష్టంగా అనుకోవాలి.

154వ సెక్షన్‌కు చట్టంలోనే ఒక ఉదాహరణ ఇచ్చారు. ఒకడు తన గుర్రాన్ని స్నేహితునికి, నీవు మాత్రమే ఎక్కుమని ఇచ్చాడు. స్నేహితుడు తన ఇంటివానిని ఎక్కించాడు. ఆ ఇంటివాడు జాగ్రత్తగానే నడిపినా గుర్రం పొరపాటున పడి గాయపడినది. తప్పు ఎవరిదీ లేకున్నా, షరతు తప్పినందువల్ల ఆ స్నేహితుడే పరిహారం చెల్లించాలి. గుర్రం స్థానంలో డ్రమ్ సెట్టు పెట్టి చూడండి. కచేరీ మధ్యలో, "అన్నా, ఒక్క పాట" అని ఎక్కి కూర్చొనే మిత్రులు ప్రతి ఊరిలో ఉంటారు. ఎవరు వాయించవచ్చునో పేరు చెప్పి ఇవ్వడం వల్ల కలిగే లాభం ఇదే.

ఉచితంగా ఇచ్చినదానిని గడువు లోపలనైనా తిరిగి కోరవచ్చునని 159వ సెక్షన్ అన్నది. కాని దానిని నమ్ముకొని అతడు కచేరీ ఒప్పుకొని ఉండి, మధ్యలో లాగుకున్నందువల్ల అతనికి పొందిన మేలు కంటె ఎక్కువ నష్టం కలిగితే ఆ ఎక్కువ భాగం ఇచ్చినవాడు భరించాలి. కోపం వచ్చి అర్ధరాత్రి స్టేజీమీది నుండి సెట్టు దింపించిన ఒక పెద్దమనిషిని నేనెరుగుదును. ఈ సెక్షన్ ఆయన చదివి ఉండరు.

బ్యాంకు ఋణంతో కొన్న సెట్టు అయితే మరొక సంగతి కూడ ఉన్నది. వస్తువు మీ స్వాధీనంలో ఉన్నా దానిపై బ్యాంకుకు హైపాథికేషన్ హక్కు ఉంటుంది. కావున అద్దెలకు తిప్పదలచినవారు ఋణం తీసుకొనేనాడే ఆ మాట దరఖాస్తులో వ్రాయడం ఉభయులకు మంచిది. భీమా పాలసీ ఉన్నవారు అది ఏ స్థలంలోని వస్తువుకు వర్తిస్తుందో, ఇతరుల చేతిలో ఉన్నప్పుడు వర్తిస్తుందో లేదో అడిగి తెలుసుకోవాలి. పాలసీ కాగితం బీరువాలో పెట్టి, చదవనివారే మనలో ఎక్కువ.

పటమదా వైపు ఒక బృందం

సింబల్ సంగతి జరిగిన కొంతకాలానికి పటమదా వైపు ఒక గ్రామంలో వాయిదా తప్పిన ఖాతా చూడడానికి వెళ్లాను. ఐదుగురు యువకుల బృందం. కీబోర్డు, ఆంప్లిఫయరు, డ్రమ్ సెట్టు కొన్నారు. ఖాళీ రోజులలో డ్రమ్ములు మరొక బృందానికి అద్దెకిచ్చారు. అవి స్నేర్ అడుగుపొర చిరిగి, పెడల్ గొలుసు తెగి తిరిగివచ్చాయి. విడిభాగాలు తెచ్చి బిగించేలోగా వరుసగా రెండు పెళ్లి బేరాలు పోయాయి. అద్దె తీసుకున్నవారు, "ఇచ్చినప్పుడే అట్లా ఉన్నది" అన్నారు. వీరు కాదన్నారు. ఎవరివద్దనూ కాగితం లేదు. నోటీసు ఇవ్వడానికి వెళ్లిన నేను అరుగుమీద కూర్చొని, నా కంచుపళ్లెం కథ వారికి చెప్పవలసి వచ్చినది.

ఆ మధ్యాహ్నం వారూ నేనూ కలిసి ఒక నోటుపుస్తకం పద్ధతి అనుకున్నాము. ప్రపంచమంతటా డ్రమ్మర్లలో ఒక మర్యాద ఉన్నది. ఒకే వేదికపై నలుగురు వాయించేచోట డ్రమ్ముల ఒళ్లు, స్టాండ్లు వేదికవారివి. స్నేర్, సింబల్స్, పెడల్, కర్రలు, కొన్నిచోట్ల కూర్చొనే స్టూలు కూడ ఎవరివి వారు తెచ్చుకుంటారు. విరిగేది, అరిగేది, చేతివాటానికి సంబంధించినది సొంతం. బరువైనది, గట్టిది ఉమ్మడి. ఈ ఒక్క విభజనతో గొడవలలో అధికభాగం తీరుతుంది. కొత్తగా నేర్చుకొనేవానికి అన్నీ కొనే శక్తి ఉండదు కదా అని ఆ బృందంలో ఒకడు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. అట్టివారికి మంచి సింబల్స్ కాక పాతవి, ఇత్తడివి కొన్ని ప్రత్యేకంగా ఉంచి ఇవ్వవచ్చునని అనుకున్నాము. నా రంధ్రపు సింబల్ కూడ ఆ కోవలోనిదే.

ఇచ్చేటప్పుడు ఇద్దరూ కలిసి చూడాలి. సంచి విప్పకుండా లెక్కపెట్టి ఇవ్వడం వృథా. స్నేర్ రెండువైపులా వెలుతురుకు ఎత్తి చూడాలి. సింబల్ అంచు చుట్టూ వేలు నడపాలి. కంటికి కనబడని పగులు గోటికి తగులుతుంది. మధ్యరంధ్రం గుండ్రంగా ఉన్నదో లేదో చూడాలి. ఫెల్టులు, గొట్టాలు, రెక్కనట్లు లెక్కపెట్టాలి. ఉన్న గీతలు, సొట్టలు పుస్తకంలో వ్రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. నేడు అందరి చేతిలో కెమెరా ఫోను ఉన్నది కావున ఫొటో తీసుకోవడం మరీ సులువు. తిరిగి తీసుకొనేటప్పుడు ఇదే పని పగటివెలుతురులో చేయాలి. అర్ధరాత్రి రెండుగంటలకు నిద్రకళ్లతో తీసుకున్న సామాను చూచినట్లు కాదు.

వేదికమీద సెట్టు జారకుండా కింద తివాచీ వేస్తారు. ఆ తివాచీ మీద ప్రతి స్టాండు కాలు ఎక్కడ ఉండాలో రంగు గీతలు గీసి ఇచ్చినట్లయితే తెలియనివాడు కూడ తడుముకోకుండా అమర్చగలడు. స్టాండు గొట్టాలకు ఎత్తు గుర్తుగా టేపు చుట్టాలి. ఎడమచేతివాటం వాడు అంతా తిరగవేసి అమర్చుకున్నా, తరువాత మళ్లీ యథాస్థానానికి రావడానికి ఆ గుర్తులు ఉపకరిస్తాయి. చల్లని పానీయాల సీసాలు డ్రమ్ముపై పెట్టరాదని చెప్పడం అవసరమా అనుకుంటారేమో. చాలా అవసరం.

తరలింపు విషయంలో నాకు వేదిక కంటె వాహనమంటేనే భయం. ఇక్కడివారు ఛోటా హాథీ అని పిలిచే చిన్న ట్రక్కులో జనరేటరు, సౌండు బాక్సులు, మనుషులు, డ్రమ్ములు అన్నీ ఒకేసారి వెళతాయి. పెద్ద డ్రమ్ము అడుగున నిలువుగా, స్నేర్ ఒడిలో, సింబల్స్ గుడ్డసంచిలో ఒకదానికొకటి రాసుకోకుండా పాత దుప్పటి ముక్కలు వేసి పెట్టాలి. వానాకాలంలో తిరిగివచ్చిన సెట్టును తడిసంచులతోనే మూలకు తోయరాదు. పాలియెస్టర్ పొరకు తడి హాని చేయకపోవచ్చును, ఇనుపస్టాండ్ల పూత కింద తుప్పు మాత్రం ప్రారంభమవుతుంది. ఉక్కునగరంలో తుప్పు గురించి నేను చెప్పడం హాస్యాస్పదం.

అద్దె ఎంత పెట్టాలన్నది బృందం ఇష్టం. అయితే అందులో కొంత భాగం పొరల కోసం, కర్రల కోసం విడిగా వేసుకోవాలని నేను పట్టుబట్టాను. దెబ్బలు తినే పై పొర ఎంత జాగ్రత్తగా వాడినా అరిగిపోయేదే. దాని ఖర్చును ఆఖరున వాయించినవాని నెత్తిన వేయడం అన్యాయం. బయానా వేరే తీసుకోవాలి. బ్యాంకు పక్షాన నేను చేయగలిగినది వాయిదాల తేదీలను మార్పించడం. నెలనెలా సమానమైన వాయిదా ఈ వృత్తికి సరిపడదు. మన వైపు మాఘ, ఫాల్గుణ, వైశాఖ మాసాలలో పెళ్లిళ్లు, చవితి నుండి దసరా వరకు ఉత్సవాలు. ఆషాఢంలో డ్రమ్ములు మూలన ఉంటాయి. ఇక్కడ దుర్గాపూజ, కాళీపూజ వారికి కోత సమయం. పంటఋణానికి కోత చూచి గడువు పెట్టే మనం వాద్యకారుని కోతను కూడ చూడవచ్చునని శాఖలో విన్నవించగా మేనేజరుగారు అంగీకరించారు.

గత దుర్గాపూజకు ఆ బృందం సెట్టు తమ కచేరీలు పోగా మరి నాలుగుచోట్లకు అద్దెకు వెళ్లినది. మా వీధి కుర్రవాడు ఇప్పుడు సొంత స్నేర్, సొంత పెడల్ కొనుక్కున్నాడు. ఒళ్లు, స్టాండ్లు మాత్రం నా దగ్గర తీసుకొనిపోతాడు. అమర్చేముందు ప్రతి గొట్టం పీకి చూస్తాడు, నా ముందే. పటమదా వారి పుస్తకం ఈ మధ్య తనిఖీ చేశాను. ఆ సీజనులో నష్టాల పుటలో ఒకే ఒక్క పద్దు ఉన్నది: ఫెల్టు బిళ్ల ఒకటి, తిరిగి రాలేదు, వసూలు చేయడమైనది.